పాటకు ముందు నడిచిన పాట



ఆదివారపు ఆరాధనలో కీర్తన సంఖ్య ప్రకటించగానే ఏమి జరుగుతుందో మీకందరికీ తెలుసు. పుస్తకముల పుటలు తిరుగుతాయి. పెద్దలు కళ్ళజోళ్ళు సవరించుకుంటారు. తల్లులు పిల్లలను ఒడిలోనికి తీసుకుంటారు. ఈలోగా హార్మోనియము ముందు కూర్చున్న సహోదరుడు పల్లవిని ఒకసారి వాయిస్తాడు. ఆ అరనిమిషములో సంఘమంతటికీ రాగము గుర్తుకు వస్తుంది, శ్రుతి కుదురుతుంది, ఏ భావముతో పాడవలెనో మనస్సుకు తెలుస్తుంది. అప్పుడు అందరి నోళ్ళు ఒక్కసారి తెరుచుకుంటాయి.

ఆ అరనిమిషపు వాయింపును మనము పెద్దగా లెక్కచేయము. అసలు పాట తరువాత వస్తుంది కదా అనుకుంటాము. అయితే సుమారు మూడు వందల సంవత్సరముల క్రితము జర్మనీ దేశపు లూథరన్ సంఘములలో ఈ చిన్న పనినే దేవుని సేవగా ఎంచి, తమ విద్యనంతటినీ దానికొరకు ధారపోసిన వాద్యకారులు ఉండేవారు. సంఘము పాడబోయే కీర్తన రాగమును తీసుకొని, దాని భావమును విప్పి చెప్పునట్లుగా వారు ఆర్గాన్ మీద ముందుగా ఒక చిన్న రచన వాయించేవారు. దానికి కోరల్ ప్రిల్యూడ్ అని పేరు. కోరల్ అనగా సంఘమంతా కలిసి పాడే కీర్తన. ప్రిల్యూడ్ అనగా ముందు వాయించేది.

అట్టివారిలో అగ్రగణ్యుడు యోహాన్ సెబాస్టియన్ బాక్. 1685లో జన్మించి 1750లో కన్నుమూసిన ఈ భక్తుడు ఇటువంటి రచనలు అనేకము చేశాడు. వాటిలో ఒకటి ఆయన యౌవనములో పుట్టి, ముప్పది యేండ్లకు పైగా ఆయనతో కలిసి నడిచి, చివరకు ఆయన చూపు కోల్పోయిన దినములలో మరల ఆయన యొద్దకు వచ్చినది. మాటలు లేని ఆ చిన్న పాట చరిత్రను ఈ నెల మీతో పంచుకోవాలని ఆశపడుచున్నాను.

ఆపదలో పుట్టిన కీర్తన

ఈ చరిత్రకు మూలము బైబిలులోనే ఉన్నది. రెండవ దినవృత్తాంతముల గ్రంథము 20వ అధ్యాయము చూడండి. మోయాబీయులు, అమ్మోనీయులు గొప్ప సైన్యముతో యూదా మీదికి వచ్చినప్పుడు యెహోషాపాతు రాజు భయపడి దేవుని వెదకెను. పురుషులు, స్త్రీలు, పసిపిల్లలతో సహా ప్రజలందరూ నిలువబడియుండగా ఆయన చేసిన ప్రార్థన 12వ వచనముతో ముగిసినది. ఎదిరించే బలము తమకు లేదని, దారి తెలియడము లేదని, తమ కన్నులు దేవునివైపే ఉన్నాయని రాజు అందరి ఎదుట ఒప్పుకొనెను.

పదహారవ శతాబ్దములో ఈ ప్రార్థన ఆధారముగా జర్మను భాషలో ఒక కీర్తన వెలువడినది. దాని పేరును మన భాషలో చెప్పాలంటే "మేము ఘోరమైన ఆపదలో ఉన్నప్పుడు" అని చెప్పవచ్చు. వ్రాసినవాడు పౌల్ ఏబెర్. యోవాకిం కమెరారియుస్ అను పండితుడు లాటిను భాషలో వ్రాసిన పద్యము ఆయనకు ఆధారమైనది.

ఏబెర్ 1511లో జన్మించాడు. బాల్యములో గుఱ్ఱము మీదనుండి పడి, చాలా దూరము ఈడ్వబడినందున ఆయన శరీరము జీవితాంతము వంకరగానే ఉండిపోయినది. అయినను విటెన్‌బర్గ్ చేరి, లూథరు, మెలాంక్‌తన్‌ల యొద్ద విద్యనభ్యసించి, అక్కడనే ఉపాధ్యాయుడై, 1558లో ఆ పట్టణ సంఘమునకు కాపరి అయ్యాడు. 1569లో ప్రభువునందు నిద్రించాడు.

ఆయన చూచిన కాలము సామాన్యమైనది కాదు. 1546 ఫిబ్రవరిలో లూథరు మరణించాడు. ఆ సంవత్సరమే చక్రవర్తి అయిదవ చార్లెసు ప్రొటెస్టెంటు ప్రభువులపై యుద్ధము ప్రారంభించాడు. 1547 ఏప్రిల్‌లో వారి సైన్యము మ్యూల్‌బర్గ్ వద్ద ఓడిపోయి, సాక్సనీ ప్రభువు బందీగా చిక్కాడు. తరువాతి నెలలో విటెన్‌బర్గ్ పట్టణము లొంగిపోయినది. అందుచేత, రేయింబవళ్ళు ఆలోచించినను దారి దొరకని వారందరూ కలిసి దేవునికి మొఱ్ఱపెట్టుటయే తమ ఆదరణ అని ఆ కీర్తన చెప్పినప్పుడు, అది చదివి నేర్చుకున్న మాట కాదని మనకు అర్థమగుచున్నది.

దీని రాగము మరియొక దేశమునుండి వచ్చినది. 1547లో జెనీవాలో లూయీ బూర్జువా అను సంగీతజ్ఞుడు పది ఆజ్ఞలను సంఘము పాడుకొనుటకై కూర్చిన రాగము ఇది. ఆ కాలపు జెనీవా సంఘములలో ఆరాధనకు వాద్యములు లేవు. అందరూ ఒక్క స్వరముతో, నోటితో మాత్రమే పాడేవారు. నాలుగు చరణములు, చరణమునకు ఎనిమిది అక్షరములు గల ఆ రాగము చిన్నపిల్లలు కూడ ఒక్క పూటలో నేర్చుకొనగలిగినంత సులువైనది. జెనీవాలో ఆజ్ఞలను మోసిన రాగము జర్మనీకి వచ్చి ఆపదలోని మొఱ్ఱను మోసినది. వాద్యము లేనిచోట పుట్టిన పాటకు ఇక్కడ వాద్యములన్నిటిలో పెద్దది తోడైనది.

ఒక్క మనిషి, నాలుగు స్వరములు

ఆ పెద్ద వాద్యమును గూర్చి కొంచెము చెప్పవలసియున్నది. మన హార్మోనియములో తిత్తులనుండి వచ్చే గాలి ఇత్తడి రీడ్లను కదిలించినప్పుడు స్వరము పలుకుతుంది. పైపు ఆర్గాన్‌లో గాలి గొట్టములలోనికి పోతుంది. ఒక్కొక్క గొట్టము ఒక్కొక్క పిల్లనగ్రోవి వంటిది, ఒక్కొక్కటి ఒక్క స్వరమే పలుకుతుంది. అందుచేత ఒక మోస్తరు ఆర్గాన్‌కు కూడ వందలకొలది గొట్టములు అవసరము. వాటిలో చిన్నవి పెన్సిలంత ఉంటాయి, పెద్దవి తాటిదూలమంత ఉంటాయి. కొన్ని తగరము, సీసము కలిపిన లోహముతోను, కొన్ని కొయ్యతోను చేస్తారు. బాక్ కాలములో విద్యుత్తు లేదు గనుక వెనుక గదిలో మనుష్యులు పెద్ద పెద్ద తిత్తులను త్రొక్కుచుంటేనే గాలి అందేది. సంఘమునకు కనబడని ఆ కూలివారి కాళ్ళ కష్టము లేకపోతే ఎంతటి విద్వాంసుడైనను ఒక్క స్వరము పలికించలేడు.

వాయించేవాని ముందు మెట్లవలె ఒకదానిపై ఒకటిగా రెండు మూడు వరుసల మెట్టు పలకలు ఉంటాయి. పాదముల క్రింద కొయ్యతో చేసిన మరియొక వరుస ఉంటుంది. ఒక్కొక్క వరుసకు వేరొక ధ్వనిని అమర్చుకొనవచ్చు. కాబట్టి కుడిచేయి ఒక వరుస మీద కీర్తన రాగమును పలికిస్తే, ఎడమచేయి మరియొక వరుస మీద మధ్య స్వరములు రెండింటిని, పాదములు అడుగు స్వరమును పలికిస్తాయి. ఒక్క మనిషి కూర్చొని నాలుగు గొంతుల పాటకబృందమును నడిపించునట్లన్నమాట. మనము చెప్పుకొనుచున్న రచన సరిగా ఈ విధముగా వాయించవలసినదే.

సంఘమును తికమకపెట్టిన యువకుడు

బాక్ పదేండ్లు నిండే సమయమునకే తల్లిదండ్రులిద్దరినీ కోల్పోయి అన్న ఇంట పెరిగాడు. 1703లో, పదునెనిమిదేండ్ల ప్రాయములో, ఆర్న్‌స్టాట్ అను పట్టణములో ఆర్గాన్ వాయించే ఉద్యోగము దొరికినది. 1705లో నాలుగు వారముల సెలవు తీసుకొని, సుమారు 400 కిలోమీటర్ల దూరములోనున్న లూబెక్ నగరమునకు నడిచి వెళ్ళాడు. అక్కడ బుక్స్‌టెహూడె అను వృద్ధ విద్వాంసుడు ఉండేవాడు. కీర్తన రాగమును గమకములతో, అలంకారములతో తీర్చి వాయించుటలో ఆయన అందె వేసిన చెయ్యి. ఆయన వాయింపునకు ముగ్ధుడైన బాక్ నాలుగు వారముల మాట మరచి, నెలల తరబడి అక్కడనే ఉండిపోయాడు.

తిరిగి వచ్చిన తరువాత 1706 ఫిబ్రవరిలో సంఘపు పెద్దలు ఆయనను పిలిచి నిలదీశారు. సెలవు మీరినందుకు మాత్రమే కాదు, కీర్తనల మధ్య వింత స్వరములు కలిపి సంఘమును తికమకపెట్టుచున్నాడని కూడ ఫిర్యాదు వచ్చినది. ముందు వాయింపు మరీ పొడుగుగా ఉన్నదని చెప్పితే, వెంటనే దానిని మరీ పొట్టిగా చేసివేశాడని మరియొక ఫిర్యాదు! ఆ విచారణ పత్రములు నేటికిని భద్రముగా ఉన్నవి. వాద్యకారునికి, సంఘపు పెద్దలకు మధ్య ఇట్టి మాటలు మన సంఘములకు క్రొత్తవి కావు గనుక దీనిని చదివినప్పుడు నవ్వు రాక మానదు.

అయితే ఆ పెద్దల ప్రశ్నలో న్యాయము ఉన్నది. ముందు వాయించునది ఎవరి కొరకు? వాయించువాని నైపుణ్యము కనబడుటకా, సంఘము నోరు తెరుచుటకా? బాక్ తరువాత చేసిన పనిని చూస్తే, ఆ ప్రశ్నకు ఆయన జీవితమంతా జవాబు వెదకినట్లు నాకు తోచుచున్నది.

తొమ్మిది గడుల మొఱ్ఱ

1708లో బాక్ వైమార్ ప్రభువు కొలువులో చేరి, 1717 వరకు అక్కడ ఉన్నాడు. ఆ కోటలోని దేవాలయములో ఆర్గాన్ పైకప్పుకు దగ్గరగా, మిక్కిలి ఎత్తున ఉండేది. క్రింద కూర్చున్నవారికి సంగీతము ఆకాశమునుండి దిగివచ్చుచున్నట్లు ఉండేదేమో! అక్కడ ఆయన "చిన్న ఆర్గాన్ పుస్తకము" అను పేరుగల సంపుటి ఆరంభించాడు. 164 కీర్తనలకు పుటలు కేటాయించి, పేర్లు కూడ వ్రాసుకున్నాడు. కాని పూర్తిచేసినవి 46 మాత్రమే. మిగిలిన పుటలు దాదాపు ఖాళీగానే ఉండిపోయాయి. ఆ పుస్తకము నేర్చుకొనేవారి కొరకు, దేవుని ఘనత కొరకు, పొరుగువాని మేలు కొరకు అని ఆయన దాని మొదటి పుటలో తెలిపాడు.

పూర్తయిన వాటిలో "మేము ఘోరమైన ఆపదలో ఉన్నప్పుడు" ఒకటి. సంగీత లిపిలో అది తొమ్మిది గడులు మాత్రమే. నెమ్మదిగా వాయించినను రెండు, మూడు నిమిషములలో అయిపోతుంది.

ఇందులో కుడిచేతి రాగము లూబెక్ పద్ధతిలో నిండుగా అలంకరింపబడినది. జెనీవా సంఘము ఒక్క స్వరము పాడినచోట బాక్ చేయి అయిదు, ఆరు, కొన్నిచోట్ల పది స్వరములు చుట్టి వస్తుంది. దుఃఖములో ఉన్నవాడు ఒక్క మాట చెప్పబోయి గొంతు వణికి ఆగి, మరల మొదలుపెట్టినట్లుగా ఉంటుంది. మూల రాగము ఎక్కడున్నదో వెదకి పట్టుకొనవలసినదే. అయితే క్రింది మూడు స్వరములను గమనించండి. అవి కీర్తనలోని మొదటి నాలుగు స్వరములనే మాటిమాటికి పలుకుచుంటాయి. పైన గొంతు ఎంత తల్లడిల్లినను, క్రింద ఆ ప్రార్థన మొదటి మాట మాత్రము ఆగదు.

తల్లి మంచము మీద జ్వరముతో కలవరించుచుండగా ప్రక్కన కూర్చున్న పిల్లలు మెల్లగా ప్రార్థించుచుండుట మనము ఎరుగుదుము గదా. ఆ తొమ్మిది గడులు నా చెవికి అట్లే వినబడుచున్నవి.

చీకటి దినములు

1723లో బాక్ లైప్‌జిగ్ నగరములోని పరిశుద్ధ తోమా దేవాలయపు సంగీతాధికారి అయ్యాడు. అక్కడనే 27 సంవత్సరములు సేవ చేశాడు. ఆయనకు ఇరువదిమంది పిల్లలు పుట్టగా, పదిమంది మాత్రమే పెద్దవారయ్యారు. మొదటి భార్య 1720లో, ఆయన ప్రయాణములో ఉండగా చనిపోయి, ఆయన ఇల్లు చేరకముందే సమాధి చేయబడినది. సమాధుల యొద్ద పాడే కీర్తనలను ఆయన ఉద్యోగముగా మాత్రమే ఎరిగినవాడు కాడు.

వృద్ధాప్యములో ఆయన చూపు మందగించినది. 1750 మార్చి నెల చివరలోను, మరల ఏప్రిల్‌లోను జాన్ టేలర్ అను ఇంగ్లీషు కంటివైద్యుడు ఆయనకు శస్త్రచికిత్స చేశాడు. మత్తుమందు లేని కాలమది, సూక్ష్మక్రిములను గూర్చి ఎవరికీ తెలియని కాలమది. చూపు రాలేదు సరికదా, ఉన్న ఆరోగ్యము కూడ చెడిపోయినది. నెలల తరబడి మంచము పట్టి, జూలై 28 సాయంకాలమున, 65 ఏండ్ల వయస్సులో ఆయన ఈ లోకము విడిచాడు.

మరుసటి సంవత్సరము, అనగా 1751లో, ఆయన చివరి పెద్ద గ్రంథమైన "ఫ్యూగ్ కళ" అచ్చయినది. దానిలోని ఆఖరి రచన అసంపూర్తిగా ఆగిపోయినందున, ప్రకటించినవారు చదువరులకు పరిహారముగా ఒక కోరల్ ప్రిల్యూడ్‌ను చివర చేర్చారు. చూపులేని స్థితిలో బాక్ తన స్నేహితునికి చెప్పి వ్రాయించినది ఇదేనని అక్కడ తెలిపారు. అది "మేము ఘోరమైన ఆపదలో ఉన్నప్పుడు" రాగమే.

బెర్లిన్ గ్రంథాలయములో భద్రపరచబడిన బాక్ వ్రాతప్రతిలో కూడ ఇదే రచన ఉన్నది. అది బాక్ చేతివ్రాత కాదు, వేరొకరి చేతివ్రాత. అక్కడ మరియొక పేరు పెట్టబడినది: "నీ సింహాసనము ఎదుటికి వచ్చుచున్నాను". అది పదిహేడవ శతాబ్దములో బోడో ఫాన్ హోడెన్‌బర్గ్ పేర వెలువడిన కీర్తన. దానిని కూడ అదే రాగముతో పాడేవారు. రాగము మారలేదు, పేరు మాత్రము మారినది. ఆపదలోని మొఱ్ఱ సింహాసనము ఎదుటికి ప్రయాణమైనది. ఆ వ్రాతప్రతిలో తరువాతి పుట పోయినందున 26వ గడి మధ్యలో సంగీతము ఆగిపోయినది. ఈనాడు వాయించేవారు మిగిలిన భాగమును అచ్చుప్రతినుండి తీసుకుంటారు.

కట్టుకథ ఎంత, నిజమెంత

ఈ సంగతి మీద భక్తులైనవారు చాలా కథలు అల్లారు. మరణశయ్య మీద బాక్ హఠాత్తుగా ఒక క్రొత్త పాటను దర్శనమువలె పొంది, తన అల్లుడైన ఆల్ట్‌నికోల్‌కు చెప్పి వ్రాయించాడని పందొమ్మిదవ శతాబ్దమునుండి ప్రచారములో ఉన్నది. అల్లుని పేరు చెప్పినవాడు 1802లో బాక్ చరిత్రను వ్రాసిన ఫోర్కెల్. వ్రాతప్రతిలోని దస్తూరి ఆల్ట్‌నికోల్‌ది కాదని పరిశోధకులు తరువాత తేల్చారు. అది క్రొత్త పాట కూడ కాదు. వైమార్‌లో వ్రాసిన తొమ్మిది గడుల రచననే బాక్ ఎప్పుడో 45 గడులకు పెంచియున్నాడు. చివరి దినములలో దానిని వాయింపించుకొని విని, అక్కడక్కడ స్వరములను సవరించి, పేరు మార్చి వ్రాయించియుండునని పండితులు భావించుచున్నారు.

ఈ నిజము కథకంటె తక్కువదని కొందరు నిరుత్సాహపడవచ్చు. నాకైతే ఇదే ఎక్కువ విలువగా తోచుచున్నది. చూపు పోయి, ఒళ్ళు నొప్పులతో ఉన్నవాడు తన పాత ప్రార్థనను మరల తీసి, ఇక్కడ ఈ స్వరము కొంచెము బాగుండాలి, అక్కడ ఆ నడక సరిగా రావాలి అని దిద్దించుచున్నాడు. ఆ సంగీతమును తాను మరల వాయించబోడని ఆయనకు తెలియకుండునా? అయినను దేవుని ఎదుట పెట్టేది మంచిగా ఉండాలని ఆయన శ్రద్ధ. పొలము పిల్లలకు అప్పగించే ముందు చివరిసారి గట్లు సరిచేసే రైతును మీరు చూచియుందురు. ఇది అట్టి శ్రద్ధ.

రాలిపోయిన అలంకారములు

ఇప్పుడు ఆ పెంచిన రచనలో ఏమి మారినదో గమనించండి. వైమార్‌లో కుడిచేతి రాగమునకు తొడిగిన నగలన్నీ తీసివేయబడినవి. రాగము దాదాపు జెనీవాలో పుట్టినప్పటివలెనే, నిలువుగా, పొడుగు స్వరములతో వస్తుంది. మొదటిసారి విన్న పిల్లవాడు కూడ వెంట పాడగలడు. సంఘమును తికమకపెట్టినవాడని నిలదీయబడిన ఆ యువకుడు ఇప్పుడు సంఘము రాగమును సంఘమునకే తిరిగి ఇచ్చినట్లున్నది.

రచన పెరిగినది మరియొక చోట. రాగములోని ప్రతి చరణమునకు ముందు క్రింది మూడు స్వరములు ఒకదాని వెనుక ఒకటి వచ్చి, ఆ చరణమును చిన్న స్వరములతో ముందుగా పలుకుతాయి. ఒకటి నేరుగా పలికితే, ఇంకొకటి తలక్రిందులు చేసి పలుకుతుంది, అనగా అది ఎక్కినచోట ఇది దిగుతుంది. ఆ మూడు కలిసి దారి సిద్ధపరచిన తరువాత పై స్వరము తొందరలేకుండా ప్రవేశిస్తుంది. నాలుగు చరణములకు నాలుగుసార్లు ఇట్లే జరుగుతుంది. చివరి స్వరము పైన కదలక నిలిచియుండగా, క్రింది స్వరములు ఇంకా కొంతదూరము నడిచి, మెల్లగా విశ్రాంతిలోనికి వస్తాయి.

యెహోషాపాతు చరిత్రలో ఒక సంగతిని ఇక్కడ జ్ఞాపకము చేయగోరుచున్నాను. ప్రార్థన ముగిసిన మరునాడు రాజు సైన్యమునకు ముందు ఎవరిని నిలిపెను? 21వ వచనములో చూడండి, గాయకులను నిలిపెను. యుద్ధమునకు పోవువారి ముందు పాట నడిచినది. ఆ అధ్యాయమునుండి పుట్టిన కీర్తన మీద బాక్ చేసిన ఈ రచనలో కూడ ప్రతి చరణము ముందు ఒక పాట నడుచుచున్నది. బాక్ ఆ వచనము ఎంచి ఇట్లు చేశాడని నేను అనను. ఏలయనగా ముందుగా చరణమును పలికించు పద్ధతి ఆయనకు పూర్వమే ఉన్నది. అయితే రెంటినీ ప్రక్కప్రక్కన పెట్టి చూచువారికి కలుగు ఆదరణ మాత్రము నిజమైనది.

మన ఇండ్లలో

మన తెలుగు సంఘములకు ఈ సంప్రదాయముతో దూరపు చుట్టరికము ఉన్నది. 1842లో గుంటూరుకు వచ్చి లూథరన్ మిషను ఆరంభించిన ఫాదర్ హయ్యర్ జర్మనీలో పుట్టి పెరిగినవాడు. ఆయన బాల్యములో విన్న ఆరాధన సంగీతము ఈ కోవలోనిదే. మన పెద్దలు మాత్రము మన రాగములలో, మన తాళములలో కీర్తనలు కట్టి పాడుకున్నారు, అది ఎంతో మేలు. జర్మను ఆర్గాన్ మన గ్రామములకు రావలసిన అవసరము లేదు. ఆ ఆర్గాన్ చేసిన పని మాత్రము మన హార్మోనియము, మన డోలక్ చేయవచ్చు. కీర్తనకు ముందు ఆ అరనిమిషము వాయించే యౌవనులారా, మీ చేతిలో ఉన్న సేవ చిన్నది కాదు. మీరు గబగబ వాయించి వదిలితే సంఘము గబగబ పాడుతుంది. మీరు కీర్తన మాటలను మనస్సులో చదువుకొని వాయిస్తే, ఆ మాటలు సంఘము హృదయములోనికి ముందే చేరుతాయి.

ఈ రచన వినగోరువారికి ఒక మాట. ఈ కాలములో ఫోనులోనే దొరుకుతుంది. బాక్ రచనలన్నిటికీ 1950లో జర్మను పండితుడు ష్మీడర్ సంఖ్యలు ఇచ్చాడు. వైమార్ రచన సంఖ్య 641, చివరి దినములది 668. ముందు మొదటిది, తరువాత రెండవది వినండి. కుటుంబ ప్రార్థనకు ముందు దీపము వెలిగించిన వేళ వింటే మరీ మంచిది. మొదటిసారి అంతా ఒకేలాగున ఉన్నదనిపించవచ్చు. రెండవసారి పై రాగమును మాత్రమే వెంబడించండి. మూడవసారి పాదములు వాయించే అడుగు స్వరమును వెదకండి. పిల్లలను అడగండి, వారికి మనకంటె ముందుగా వినబడుతుంది.

చివరగా ఒక్క సంగతి. రోగుల మంచముల ప్రక్కన కూర్చొనేవారందరూ ఎరిగిన విషయమిది. వయస్సు మీరినవారు పిల్లల పేర్లు మరచిపోతారు, పొద్దున తిన్నది మరచిపోతారు. కాని చిన్ననాడు నేర్చిన కీర్తనలోని పల్లవి ఎవరైనా ఎత్తుకుంటే వారి పెదవులు కదులుతాయి. పెద్ద పెద్ద ప్రార్థనలు చేసిన భక్తులు కూడ ఆ వేళ ఒకటి రెండు మాటలే చెప్పగలుగుతారు. అలంకారములన్నీ రాలిపోయి రాగము ఒక్కటే నిలుస్తుంది. బాక్ వంటి మహా విద్వాంసునికి కూడ చివరకు మిగిలినది పసిపిల్లలు పాడగలిగిన నాలుగు చరణముల రాగమే.

కనుక, ప్రియులారా, ఆరోగ్యము ఉన్న దినములలోనే మన ఇండ్లలో కీర్తనలు పాడుకుందము. పిల్లలకు పుస్తకము చూడకుండ రెండు మూడు కీర్తనలైనను నేర్పుదము. ఏమి చేయవలెనో తోచని దినము ప్రతి ఇంటికీ ఒకటి వస్తుంది. ఆ దినమున క్రొత్తగా మాటలు వెదకుటకు బలము చాలదు. ముందే నేర్చిన పాట మనకు ముందుగా నడిచి దారి చూపును గాక.